సెన్సర్‌ను తిట్టే ముందు
(మైక్రో కంట్రోలర్ బోర్డులు చూపే తప్పు కొలతలు – వాటి ఆచూకీ తీసే విధానం)

– బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి, ఎలక్ట్రానిక్స్



ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో కొలతల పాఠం మనందరం చదివినదే. క్రమ దోషం, యాదృచ్ఛిక దోషం, స్థూల దోషం అని మూడు నిర్వచనాలు కంఠస్థం చేశాం, పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం, మరచిపోయాం. డిగ్రీకి వచ్చి ప్రాజెక్టు పని మొదలుపెట్టాక ఆ మూడూ తిరిగి మన బల్ల మీదికే వచ్చి కూర్చుంటాయి. ఫ్యాను కింద ఉన్న సెన్సరు 58 డిగ్రీలంటుంది. నీళ్లు పోసిన కుండీలో గుచ్చిన సెన్సరు మట్టి ఎండిపోయిందంటుంది. ఏమీ తగిలించని పిన్ను సైతం ఏదో ఒక అంకె చెబుతూనే ఉంటుంది! అప్పుడు లాబ్‌లో వినబడే మాట ఒక్కటే: "సెన్సర్ పోయిందిరా, ఇంకోటి పట్రా."

నిజంగా పోయిన సెన్సర్లు తక్కువ. ఎక్కువ సందర్భాల్లో సెన్సరు తనను అడిగిన ప్రశ్నకు సరైన జవాబే చెబుతుంది. మనం అడిగామనుకున్న ప్రశ్న ఒకటి, మన వైర్లు అడిగిన ప్రశ్న ఇంకొకటి. ఆ రెండవ ప్రశ్న ఏమిటో కనిపెట్టడమే తప్పు పట్టుకోవడం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే, మిగిలినదంతా ఉదాహరణలు.

నాకీ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకంటే మాది వ్యవసాయ కుటుంబం. ఖమ్మం దాటి భద్రాచలం వైపు పోతూంటే అడవి మొదలయ్యే చోట మా చెలక. 2016లో జిల్లాలు విడిపోయాక మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది గానీ ఇంట్లో ఇప్పటికీ ఖమ్మం జిల్లా అనే అంటారు. మిర్చి, పత్తి మా పంటలు. మిరప చెట్టు వేళ్లకు తడి కావాలి, కానీ నీళ్లు నిలవకూడదు. సాళ్లలో నీరు నిలిచిపోయిందా, చెట్టు వాలిపోతుంది. ఆ తర్వాత ఎన్ని మందులు కొట్టినా తేరుకోవడం కష్టం. లాబ్‌లో తప్పు అంకె వస్తే రికార్డులో ఒక కాగితం చింపేస్తాం. చేలో ఆ అంకెను నమ్మి మోటారు దానంతటదే ఆడితే పోయేది ఏడాది కష్టం. ఇప్పుడు ఇటువంటి బోర్డులు చేలలోకి వస్తున్నాయి కాబట్టి, వాటిని కట్టేవాళ్లలో మనవంటి విద్యార్థులూ ఉంటారు కాబట్టి, ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా పరికరం గురించి రెండు మాటలు. ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, బయటి ప్రపంచంతో మాట్లాడే పిన్నులు – అన్నీ ఒకే చిప్పులో ఉంటే దాన్ని మైక్రో కంట్రోలర్ అంటారు. సూక్ష్మ నియంత్రకం అని అనువాదం చేయవచ్చు గానీ అలా అడిగితే దుకాణంలో ఎవరూ ఇవ్వరు. 1980లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 8051ను ఈనాటికీ మనవాళ్లు పాఠంగా చదువుతున్నారు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో విద్యార్థుల కోసం మొదలైన ఆర్డ్యుయినో బోర్డు వచ్చాక, ఈ పని ఇంజనీర్ల చేతుల్లోంచి మనవంటి వాళ్ల చేతుల్లోకి దిగింది. మంచిదే. అయితే సులువుగా తగిలించగలగడం వేరు, తగిలించిన దాన్ని నమ్మగలగడం వేరు.

బోర్డు మీద కనిపించే ప్రతి అంకే ఒక పోలిక. దీన్ని అర్థం చేసుకోవడానికి మన ప్రాంతంలో గోదావరి గేజీని మించిన ఉదాహరణ లేదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన సంగతి ఈ దిక్కున చిన్నపిల్లలు కూడా చెబుతారు. అయితే 43 అడుగులంటే నది లోతు 43 అడుగులని అర్థం కాదు. గేజీకి సున్నా ఒకచోట నిర్ణయించారు, లెక్క అక్కణ్నుంచి పైకి. ఎవరైనా ఆ సున్నాను రెండడుగులు కిందికి జరిపారనుకోండి, నీరు అంగుళం కదలకుండానే హెచ్చరిక మారిపోతుంది. లేదా అడుగు గీతలను కాస్త దగ్గర దగ్గరగా గీశారనుకోండి, అప్పుడూ అంతే. బోర్డు కొలతకు కూడా సరిగ్గా ఈ రెండే ఆధారాలు. సున్నా ఎక్కడ ఉంది – అది గ్రౌండు. గీతల మధ్య దూరం ఎంత – అది రిఫరెన్సు వోల్టేజి. తప్పు కొలతల్లో సగానికి సగం ఈ రెండింటి దగ్గరే దొరుకుతాయని నా అనుభవం.

గీతల దూరం సంగతి ముందు చూద్దాం. ఊనో బోర్డు మీది ఏట్‌మెగా 328పి చిప్పు 0 నుంచి 5 వోల్టుల వరకు ఉన్న కొలబద్దను 1024 మెట్లుగా విభజిస్తుంది. అనగా ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీ వోల్టులు. ఎల్.ఎం.35 అనే ఉష్ణోగ్రత సెన్సరు డిగ్రీకి 10 మిల్లీ వోల్టుల చొప్పున ఇస్తుంది. గది 30 డిగ్రీలుంటే 300 మిల్లీ వోల్టులు, బోర్డు దాన్ని 61వ మెట్టుగా చదువుతుంది, ప్రోగ్రాము తిరుగులెక్క కట్టి 29.8 అని చూపిస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు అదే బోర్డును ఒక పొడుగాటి, సన్నని కేబులుతో లాప్‌టాప్‌కు తగిలించండి. 5 వోల్టులు రావలసిన చోట 4.6 మాత్రమే వస్తుంది. సెన్సరు అదే 300 మిల్లీ వోల్టులు ఇస్తోంది. కానీ కొలబద్ద కుంచించుకుపోయింది కాబట్టి అది ఇప్పుడు 66వ మెట్టు. ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు, 32.2 డిగ్రీలంటుంది. రెండున్నర డిగ్రీల తేడా! సెన్సరు మారిస్తే పోతుందా? పది మార్చినా పోదు.

దీన్ని గుర్తుపట్టే పద్ధతి తేలిక. లాప్‌టాప్ మీద ఒక అంకె, ఫోను చార్జరు మీద ఇంకో అంకె, బ్యాటరీ మీద మరో అంకె వస్తున్నాయంటే మారుతున్నది గది కాదు, కొలబద్ద. బోర్డు మీది 5 వోల్టుల పిన్ను దగ్గర మల్టీమీటరు పెట్టి చూడండి. మందు కూడా చిప్పులోనే ఉంది. దానికి 1.1 వోల్టుల సొంత రిఫరెన్సు ఒకటుంది. దాన్ని వాడితే ఒక్కో మెట్టు సుమారు 1.1 మిల్లీ వోల్టులే, అంటే డిగ్రీలో పదోవంతు. సన్నదనం కూడా కలిసివస్తుంది. ఆ 1.1 అన్నది చిప్పు చిప్పుకూ 1.0 నుంచి 1.2 వరకు మారవచ్చు. కనుక ఆ రిఫరెన్సును ఆన్ చేసి, ఏరెఫ్ పిన్ను దగ్గర మీటరుతో కొలిచి, వచ్చిన అసలు విలువనే ప్రోగ్రాములో రాయాలి. (ఆ సమయంలో ఏరెఫ్ పిన్నుకు బయటినుంచి ఏ వోల్టేజీ ఇవ్వకూడదు, చిప్పు చెడుతుంది.) అయితే థర్మిస్టరు వంటి వాటిని ఆ 5 వోల్టుల నుంచే రెసిస్టరు ద్వారా నడుపుతున్నప్పుడు మాత్రం 5 వోల్టుల రిఫరెన్సే మేలు. అక్కడ కొలబద్ద కుంచించుకుపోతే కొలిచే వస్తువూ అదే నిష్పత్తిలో కుంచించుకుపోతుంది, తప్పు తానే రద్దవుతుంది. కనుక "ఎప్పుడూ 1.1 వాడాలి" అని సూత్రంలా రాసుకోవద్దు.

ఇక సున్నా జరగడం. దీనికి మా చేలోనే జరిగిన సంగతి చెబుతాను. బోరు దగ్గరి స్టార్టరు డబ్బాలో ఒక చిన్న రిలే, దాని పక్కనే డబ్బా వేడి చూడటానికి ఎల్.ఎం.35 పెట్టాం. బోర్డు ఆరేడు మీటర్ల దూరాన షెడ్డు గోడకు ఉంది. పొడుగు వైరు కాబట్టి సెన్సరు అవుట్‌పుట్‌కు వరుసలో 2 కిలో ఓముల రెసిస్టరు ముందే వేశాం. లేకపోతే వైరుకు ఉండే కెపాసిటెన్సు వల్ల ఎల్.ఎం.35 ఊగిసలాడుతుంది. మామూలుగా 31 చూపే అంకె, రిలే పడగానే 35కి ఎగబాకేది. మోటారు ఆగగానే మళ్లీ 31. మా అన్న చూసి, "మోటారు ఆడితే వేడెక్కదా మరి, సరిగ్గానే చూపిస్తోంది" అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. నాయన మాత్రం ఒక్కమాట అన్నాడు: "పొయ్యి ఆర్పంగనే కుండ సల్లారుతదారా?"

ఆ మాటలో ఫిజిక్సు మొత్తం ఉంది. నిజమైన వేడి నిదానంగా ఎక్కుతుంది, నిదానంగా దిగుతుంది. ఒక్క క్షణంలో నాలుగు డిగ్రీలు ఎగిరి, ఒక్క క్షణంలో పడిపోయేది వేడి కాదు, వోల్టేజి. మోటారు ఫ్యూజులు తీసి రిలేను మాత్రం టక్కుమనిపించి చూశాం. మోటారు ఆడకపోయినా అంకె 35కి ఎక్కింది. అంటే మోటారుకూ దీనికీ సంబంధం లేదు. అప్పుడు మీటరు ఒక కొసను బోర్డు గ్రౌండు మీద, రెండో కొసను సెన్సరు గ్రౌండు కాలు మీద పెట్టాం. రెండూ ఒకే వైరు కొసలు, తేడా సున్నా ఉండాలి. రిలే పడినప్పుడు 40 మిల్లీ వోల్టులు చూపింది.

లెక్క కట్టి చూడండి. 5 వోల్టుల చిన్న రిలే చుట్ట సుమారు 70 ఓములు, 71 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ కరెంటు తిరిగి బోర్డుకు పోవడానికి సెన్సరు వాడుకునే సన్నని గ్రౌండు వైరే దారి. వైరు నిరోధం 0.56 ఓములు. ఓమ్ నియమం ప్రకారం 71ని 0.56తో హెచ్చిస్తే 40 మిల్లీ వోల్టులు. డిగ్రీకి 10 చొప్పున సరిగ్గా నాలుగు డిగ్రీలు! గోదావరి గేజీ సున్నాను ఎవరో కదిపినట్టే, రిలే పడిన ప్రతిసారీ మా సెన్సరు నిలబడిన నేలే పైకి లేస్తోంది. పరిష్కారం ఒక్క వైరు. రిలేకు దాని గ్రౌండు వైరు వేరుగా తీసుకుపోయి బోర్డు దగ్గర మాత్రమే కలిపాం. అంకె 31 దగ్గర నిలబడింది. పనిలో పనిగా రిలే చుట్టకు అడ్డంగా ఒక డయోడు ఉందో లేదో చూసుకోండి. విడిగా కొన్న రిలేకు అది మనమే వేయాలి. లేకపోతే రిలే వదిలినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజి దెబ్బకు బోర్డు ఉన్నట్టుండి మొదటినుంచి మొదలవుతుంది.

ఈ పద్ధతిని లాబ్‌లో మరో రూపంలో వాడవచ్చు. కొలత మీద అనుమానం వస్తే సెన్సరును పూర్తిగా విప్పేయండి. ఆ పిన్నును వైరుతో గ్రౌండుకు కలపండి, 0 రావాలి. 5 వోల్టులకు కలపండి, 1023 రావాలి. బోర్డు మీదే ఉన్న 3.3 వోల్టుల పిన్నుకు కలపండి, 675 దరిదాపుల్లో రావాలి. ఈ మూడూ వచ్చాయంటే బోర్డు, ప్రోగ్రాములో చదివే భాగం రెండూ నిర్దోషులు, దొంగ బయట ఉన్నాడు. రెండు నిమిషాల పని. దేనికీ కలపని పిన్ను మాత్రం అంతకుముందు చదివిన పిన్ను ఛాయనో, గదిలోని కరెంటు వైర్ల గుణుగుడునో చూపుతూ ఉంటుంది. ఆ అంకె మెల్లగా తేలుతూ నిజం కొలతలాగే కనబడుతుంది, మోసపోకండి. ఊడిన వైరును గుర్తుపట్టడానికి వేలితో పిన్నును తాకి చూస్తే చాలు, అంకె చిందులు తొక్కుతుంది.

ఇంకొక చిన్న విషయం. ఈ చిప్పుకు సిగ్నలిచ్చే సర్క్యూట్ నిరోధం 10 కిలో ఓముల లోపు ఉంటేనే సరిగ్గా చదువుతుంది. 100 కిలో ఓముల థర్మిస్టరు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి నాలుగు పిన్నులు చదివితే పక్క పిన్ను అంకె దీనిలోకి ఒలుకుతుంది. పిన్ను దగ్గర 0.1 మైక్రో ఫారడ్ కెపాసిటరు పెట్టి, ప్రతి పిన్నునూ రెండుసార్లు చదివి మొదటిది పారేస్తే సరిపోతుంది. ఈ.ఎస్.పి.32 వాడేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. దాని కొలబద్ద రెండు కొసల దగ్గర వంకరగా ఉంటుంది. వైఫై నడుస్తున్నప్పుడు రెండవ వరుస అనలాగ్ పిన్నులు అసలు చదవవు.

ఇక మట్టి తేమ. రైతు బిడ్డగా నాకు అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే, అన్నిటికంటె ఎక్కువ గందరగోళం కూడా ఇందులోనే ఉంది. చవకగా దొరికే రెండు పళ్ల సెన్సరు తేమను కొలుస్తుందని డబ్బా మీద రాసి ఉంటుంది. అది కొలిచేది తేమను కాదు. "ఈ రెండు పళ్ల మధ్య కరెంటు ఎంత సులువుగా పారుతోంది?" – దాన్ని అడిగిన ప్రశ్న ఇది. నీళ్లుంటే సులువుగా పారుతుంది, నిజమే. ఉప్పులున్నా పారుతుంది. డి.ఏ.పి., పొటాష్ వేసిన వారం ఆ సెన్సరు చేను తడిగా ఉందని చెబుతుంది. ఎరువు వేసినప్పుడే చెట్టుకు నీరు కావాలి, సరిగ్గా అప్పుడే మోటారు ఆడదు! ఇది క్రమ దోషానికి నేను చూసినంతలో అత్యంత ఖరీదైన ఉదాహరణ.

పైగా ఆ పళ్లకు ఎప్పుడూ 5 వోల్టులు ఇచ్చి ఉంచితే విద్యుద్విశ్లేషణ జరిగి ఒక పన్ను తినేస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీలో ఫారడే నియమాలు చదివినవారికి చెప్పనక్కరలేదు. కొన్ని వారాలలో పూత పోయి నల్లబడుతుంది, అంకె రోజురోజుకూ పొడి వైపు జరుగుతుంది. పళ్లను బోర్డు పిన్ను నుంచి నడిపి, గంటకొకసారి, చదివే ఆ క్షణం మాత్రమే కరెంటు ఇస్తే ఆయుష్షు పెరుగుతుంది.

కెపాసిటివ్ రకం మేలు. అది మట్టి విద్యుత్ గుణకాన్ని చూస్తుంది. గాలికి ఆ గుణకం 1, నీటికి సుమారు 80. అందుకే కొంచెం తడి మారినా స్పష్టంగా తెలుస్తుంది, లోహం మట్టికి తగలదు కాబట్టి తినదు, ఉప్పుల బెడద తక్కువ. అయినా దానికీ కొన్ని రోగాలున్నాయి. ఇవి పనిచేసేది 555 టైమరు చిప్పుతో. కొన్ని బోర్డుల మీద తక్కువ వోల్టేజీకి తగిన టి.ఎల్.సి.555 బదులు పాత ఎన్.ఇ.555 వేసి పంపుతారు. పాతదానికి కనీసం 4.5 వోల్టులు కావాలి. 3.3 వోల్టుల బోర్డుకు తగిలిస్తే అంకె ఎటూ కదలదు. చిప్పు మీది అక్షరాలు భూతద్దంతో చదివితే బండారం బయటపడుతుంది. ఇంకొకటి, సర్క్యూట్ పలక కోసిన అంచులకు పూత ఉండదు. అక్కడినుంచి తడి లోపలికి పీల్చుకుని వారం పది రోజుల్లో అంకె జరిగిపోతుంది. అంచులకు గోళ్ల రంగు రెండు పూతలు వేసి ఆరబెడితే ఆగుతుంది. మా చెల్లెలి సీసా ఒకటి ఈ శాస్త్రకార్యానికి ఖర్చయింది.

అన్నిటికంటె కష్టం నేల తేడా. మా చెలక ఎర్రది, కింది మడి నల్లరేగడి. ఎర్ర చెలకలో గుచ్చి "ఇంత వస్తే తడి, ఇంత వస్తే పొడి" అని నిర్ణయించిన అంకెలు నల్లరేగడిలో పనికిరావు. ఒకే తేమ దగ్గర రెండు నేలలూ వేరు అంకెలు చూపుతాయి. నల్లరేగడి ఎండితే నెర్రెలు ఇస్తుంది. ఆ నెర్రె సరిగ్గా సెన్సరు పక్కనే వస్తే మట్టికీ పలకకూ మధ్య గాలి చేరుతుంది. అప్పుడది నేలను వదిలి గాలిని కొలుస్తుంది. కింద జానెడు లోతున తడి ఉన్నా "పూర్తిగా పొడి" అంటుంది. మోటారు ఆడుతుంది, నీళ్లు నిలుస్తాయి, చెట్టు వాలుతుంది.

నేల నేలకూ వేరుగా సరిచూసుకోవడం తప్ప దీనికి మందు లేదు. పద్ధతి పాతదే. సెన్సరు ఉన్న చోట మట్టి తీసి తూచాలి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఉంచాలి, మళ్లీ తూచాలి. 100 గ్రాముల మట్టి 82 గ్రాములైతే పోయిన నీరు 18, అంటే పొడి మట్టి బరువులో దాదాపు 22 శాతం. ఇలా నాలుగైదు తేమల దగ్గర చేసి, సెన్సరు అంకె పక్కన రాసుకుంటే గ్రాఫు గీయవచ్చు. ఓవెన్ లేనివారికి నాయన పద్ధతి ఉంది. పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కి చేయి తెరుస్తాడు. ముద్ద కట్టి నిలబడిందా, కట్టి విరిగిందా, అసలు కట్టలేదా. నీటిపారుదల పుస్తకాల్లో కూడా ఈ పరీక్ష ఉంది. శాతం చెప్పలేదు గానీ, 'పొడి' అన్న సెన్సరు మాట అబద్ధమో కాదో అర నిమిషంలో తేల్చేస్తుంది. బోర్డుకు సంబంధం లేని రెండో సాక్షి కావాలనడంలో ఉద్దేశం ఇదే. ఉష్ణోగ్రతకైతే అటువంటి సాక్షి చితక్కొట్టిన ఐసు, నీళ్లు కలిపిన గ్లాసు. కలుపుతూ ఉంటే అది సున్నా డిగ్రీలు. సోడా బండి దగ్గర ఐసు అడిగితే ఇస్తారు.

డిజిటల్ సెన్సర్ల గొడవ కొంత తక్కువ, ఎందుకంటే అవి తప్పులోనూ ఒక పద్ధతి పాటిస్తాయి. డి.ఎస్.18బి20 ఉన్నట్టుండి 85 డిగ్రీలు చూపిందంటే అది ఉష్ణోగ్రత కాదు. కరెంటు రాగానే దాని జ్ఞాపకంలో ఉండే తొలి అంకె అది. పూర్తి సన్నదనంతో కొలవడానికి దానికి 750 మిల్లీ సెకన్లు పడుతుంది, ఈలోపలే అడిగామన్నమాట. లేదా మధ్యలో దాని కరెంటు పోయి వచ్చిందన్నమాట. మైనస్ 127 అంటే, మనవాళ్లు ఎక్కువగా వాడే లైబ్రరీ భాషలో, సెన్సరు జాడే లేదని అర్థం. వైరు ఊడిందేమో, 4.7 కిలో ఓముల పుల్–అప్ రెసిస్టరు మరిచారేమో చూడాలి. ఈ రెండు అంకెలను సరాసరిలో కలిపేసి, "సగటు ఉష్ణోగ్రత ఎందుకో వింతగా ఉంది" అని తలపట్టుకోవద్దు. డి.హెచ్.టి.11ను సెకనుకు ఒకసారికి మించి అడగవద్దు, అడిగితే పాత జవాబో, ఖాళీ జవాబో ఇస్తుంది. పైగా దాని ఖచ్చితత్వమే రెండు డిగ్రీలు అటూ ఇటూ. రెండు డి.హెచ్.టి.11లు పక్కపక్కన పెట్టి మూడు డిగ్రీల తేడా వచ్చిందని పోట్లాడుకోవడం వృథా.

నీళ్ల ట్యాంకు మట్టం చూసే అల్ట్రాసోనిక్ సెన్సరు సంగతి సరదాగా ఉంటుంది. అది కొలిచేది కాలాన్ని. దూరం మన లెక్క. ధ్వని వేగం 25 డిగ్రీల వద్ద సెకనుకు 346 మీటర్లు, మన మే నెల 42 డిగ్రీల వద్ద 357. ప్రోగ్రాములో 346 అని రాసి వదిలేస్తే రెండు మీటర్ల దూరాన్ని ఆరు సెంటీమీటర్లు తక్కువగా చూపుతుంది. మధ్యాహ్నం ఎవరూ నీళ్లు పట్టకుండానే ట్యాంకు నిండుతుంది, సాయంత్రం ఎవరూ వాడకుండానే తగ్గుతుంది! ఉష్ణోగ్రతను కూడా చదివి వేగం సరిచేస్తే ఈ మాయ పోతుంది.

కొలతలు ఊగుతున్నాయంటే చాలామంది చేసే పని సరాసరి తీయడం. యాదృచ్ఛిక దోషానికి అది మంచి మందే. 16 కొలతల సరాసరి తీస్తే ఊగిసలాట నాలుగోవంతుకు తగ్గుతుంది. కానీ పైన చెప్పిన గ్రౌండు తప్పు, ఎరువు తప్పు, నెర్రె తప్పు – ఇవన్నీ క్రమ దోషాలు. వెయ్యి కొలతల సరాసరి తీసినా అవి అక్కడే ఉంటాయి, పైపెచ్చు అంకె నిలకడగా కనిపించి నమ్మకం పుట్టిస్తుంది. ఇంతకంటె ప్రమాదకరమైన అలవాటు "కరెక్షన్ ఫ్యాక్టర్". నాలుగు ఎక్కువ చూపుతోందా, ప్రోగ్రాములో నాలుగు తీసేయ్! రిలే ఆగి ఉన్నప్పుడు అదే ప్రోగ్రాము నాలుగు తక్కువ చూపుతుంది. కారణం తెలిశాక చేసే సవరణకూ, కారణం తెలియకుండా చేసే సవరణకూ చాలా తేడా ఉంది. రెండవదాన్ని పరీక్షకుడి కళ్లు కప్పడం అనాలి.

సెన్సరు మార్చి చేతులు దులుపుకోవడం ఎంతవరకు పోతుందో ప్రపంచం చూసింది. 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ వారి బోయింగ్ 737 మాక్స్ విమానం జావా సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. విమానం గాలికి ఎంత కోణంలో ఉందో చెప్పే సెన్సరు ఒకటి 21 డిగ్రీలు తప్పు చూపింది. ఆ ఒక్క సెన్సరు మాట విని కంప్యూటరు ముక్కును పదే పదే కిందికి దించింది. విచారణలో బయటపడిన సంగతి ఏమంటే, అంతకు కొద్దిముందే పాత సెన్సరు బాగాలేదని తీసేసి అమర్చిన సెన్సరే అది. బయట మరమ్మతు చేసినప్పుడే దాని అమరిక తప్పింది, బిగించాక పరీక్షించినట్టు ఆధారం దొరకలేదు. 2019 మార్చి 10న ఇథియోపియాలో అదే రకం విమానం కూలి మరో 157 మంది పోయారు. అక్కడా ఒక్క సెన్సరు మాటే కంప్యూటరుకు వేదమైంది. ఆ తర్వాత రెండు సెన్సర్లనూ పోల్చి చూసేలా ప్రోగ్రాము మార్చారు.

మా చేలో ఇప్పుడు ఒక్కో మడికి రెండు తేమ సెన్సర్లు. రెండూ బాగా విభేదిస్తే మోటారు ఆడదు, ఫోనుకు కబురు వస్తుంది, మనిషి వెళ్లి పిడికిట్లో మట్టి పట్టి చూస్తాడు. షెడ్డులో ఒక నోటుబుక్కు వేలాడదీశాం. తేదీ, వేళ, 5 వోల్టుల పిన్ను దగ్గర మీటరు చూపిన విలువ, లెక్క కట్టని ముడి అంకె, లెక్క కట్టిన అంకె. చివరి గడి నాయనది: "ముద్ద కట్టింది", "విరిగింది", "కట్టలేదు". ముడి అంకె రాయడం తప్పనిసరి. ప్రోగ్రాము ఎన్నిసార్లు మార్చినా పాత కొలతలను మళ్లీ లెక్క కట్టుకోవచ్చు. మొదటి నెలలో ఎర్ర చెలకలో సెన్సరూ నాయనా దాదాపు ఏకీభవించారు. నల్లరేగడిలో మాత్రం తరచూ పోట్లాట. పుస్తకం తిరగేస్తే ఆ పోట్లాటలన్నీ నెర్రెలు విచ్చిన రోజుల్లోనే ఉన్నాయి. అప్పటినుంచి అక్కడ సెన్సరును ఒక జానెడు లోతుకు దించి, చుట్టూ మెత్తటి మట్టి బురదగా పోసి పూడ్చాం.

చివరగా జూనియర్లకు ఒక సంగతి. పైన ఇన్నిసార్లు మల్టీమీటరు పెట్టి చూడమన్నాను కదా, ఆ మీటరును కూడా చూసుకోండి. మనందరి దగ్గరా ఉండే చవక పసుపు మీటర్లలో 9 వోల్టుల బ్యాటరీ బలహీనపడితే అది ఉన్నదానికంటె ఎక్కువ వోల్టేజి చూపుతుంది. 1.5 వోల్టుల కొత్త సెల్లు మీద పెట్టినప్పుడు 1.6కు అటూ ఇటూ కాకుండా 1.9 అందంటే, ముందు మీటరు బ్యాటరీ మార్చండి, ఆ తర్వాత బోర్డు జోలికి వెళ్లండి.